విమానాల వకీలు

కరీంనగర్‌లో విమానాల చట్టం పుస్తకం కొన్న వకీలు అంబదాస్ ఒక్కడే. ఊళ్లో విమానం దిగే చోటే లేకపోయినా, ఎన్నటికైనా ఒక కేసు రాకపోదని అతని ఆశ. చివరికి 1958లో వచ్చింది. ధర్మపురి పంతులమ్మ నర్మద బడిపిల్లలకు గ్రహాలు చూపిస్తుంటే, విమానాల మీద నిఘా పెడుతోందని పోలీసు జమేదారు ఆమె దుర్బీను పట్టుకుపోయాడు.

కోర్టులో నర్మద తరఫున అంబదాస్ చెలరేగిపోయాడు. పైనుంచి కిందికి ఫోటోలు తీసేవాళ్లను చట్టం అడ్డుకుంటుంది గానీ, కిందినుంచి పైకి చూసేవాళ్లను కాదన్నాడు. శుక్రుడు చంద్రుడిలాగే పెరిగి తరుగుతాడని గెలీలియో ఇలాంటి గొట్టంతోనే కనిపెట్టాడని కూడా చెప్పాడు.

"అయితే నాకూ చూపించుండ్రి," అన్నాడు మేజిస్ట్రేటు.

పొద్దుగూకే వేళ కోర్టు ఆవరణలో అంబదాస్ తానే దుర్బీను పట్టుకుని, పడమట మెరుస్తున్న చుక్కకు గురిపెట్టాడు. "గదే సార్, శుక్రుడు."

మేజిస్ట్రేటు కన్ను ఆనించాడు. "వకీల్ సాబ్, మీ శుక్రునికి రెక్కలున్నయి."

"విమానాలు చూస్తదని నేనన్నది గదే కద సార్," అన్నాడు జమేదారు.

నర్మద గొట్టాన్ని కొద్దిగా పక్కకు తిప్పింది. మేజిస్ట్రేటు మళ్లీ చూశాడు. ఈసారి సన్నని నెలవంకలా శుక్రుడు కనిపించాడు. చాలాసేపు చూసి, దుర్బీను ఆమెకే ఇచ్చెయ్యమన్నాడు.

ఈ ముచ్చటను వకీళ్లందరికీ చెప్పింది అంబదాసే. "నా ముద్దాయిని నేనే జైలుకు తోలుతుంటి. ఆమెనే నన్ను విడిపించింది," అని నవ్వేవాడు.