అంచు మీద బొటనవేలు

మా మేనల్లుడు పత్రికల్లో కథలకు వేసిన అసలు బొమ్మలు సేకరిస్తాడు. మొన్న ఒక బొమ్మను బల్ల మీద పరిచి, అంచున ఉన్న సిరా మరకను రబ్బరుతో తుడవబోయాడు. నేను చటుక్కున వాడి చెయ్యి పట్టుకున్నాను.

"తుడిచావంటే ఊరుకోను. అది నా బొటనవేలు."

"నీదేనని ఎలా చెబుతావత్తా?"

ఆ బొమ్మ అచ్చయిన పత్రికలో ముప్పై ఏళ్లు బొమ్మలూ అక్షరాలూ బ్లేడుతో కోసి అచ్చుకు పేజీలు అతికించినదాన్ని. బ్లేడు కోసిన గాటు నా వేలికి అడ్డంగా ఇంకా ఉంది. వేలిని మరక పక్కన పెట్టాను. మరకలోనూ అదే గాటు. వాడు రబ్బరు పక్కన పెట్టేశాడు.

"బొమ్మ వేసినాయన సంతకం కింద ఉంది. ఇది నాది," అన్నాను.

ఇప్పుడు ఆ బొమ్మ అంచుతో సహా ఫ్రేములో ఉంది. ఎవరొచ్చినా వాడు ముందు మరకే చూపిస్తాడు. బొమ్మ గురించి అడిగితేనే చెబుతాడు.