సున్నా నంబరు పొగ

పొగ మాస్టారు ఎడమ కన్ను మూసి, అట్టముక్క మధ్యలోని రంధ్రంలోంచి చిమ్నీ కొసను చూశాడు. రంధ్రం చుట్టూ తెలుపు నుంచి నలుపు దాకా ఆరు గళ్లు, సున్నా నుంచి ఐదు దాకా అంకెలు. పొగ రంగు ఏ గడితో కలిస్తే ఆ అంకెను పుస్తకంలో రాయాలి. కాగితం మిల్లు డాబా మీద ముప్పై ఒక్క ఏళ్లుగా గంటగంటకూ ఆయన చేస్తున్న పని ఇదే. పైకి చూసీ చూసీ మెడ అలాగే బిగిసిపోయింది. నేల మీద నడుస్తున్నా ఆకాశంలో ఏదో పారేసుకున్నవాడిలా ఉంటాడు.

"రెండు" అని రాసుకున్నాడు. ఇవాళ అది నిజంగానే రెండు.

చేరిన కొత్తలో అలా కాదు. మూడు దాటితే బాయిలర్ ఆపాలని చట్టం. కళ్లెదుట ఐదు కనబడుతున్నా మేనేజరు, "రెండని రాయవయ్యా, నీ సొమ్మేం పోయింది?" అనేవాడు. ఇంట్లో పొయ్యి వెలగాలి కనుక రాశాడు. పదకొండేళ్లు రాశాడు.

తువ్వాలుతో మాత్రం ఎన్నడూ అబద్ధమాడలేదు. పొగ పలచబడగానే డాబా రెయిలింగుకు తెల్ల తువ్వాలు కట్టేవాడు. అది చూసి ఎదుటి వీధిలో ఆయన భార్య పెరట్లో బట్టలు ఆరేసేది. ఆమెను చూసి వీధంతా ఆరేసేది. అయినా ఎక్కడో ఒక మసి చుక్క వాలకపోదు.

"మీ పుస్తకంలో రెండు, నా చీర మీద ఐదు" అని నవ్వుతూ దెప్పేది. ఆ నవ్వు పోనుపోను దగ్గయింది, దగ్గు ఆయాసమయింది. బట్టలను కాపాడినవాడు ఆమె ఊపిరిని కాపాడలేకపోయాడు.

తర్వాత చట్టానికి కోరలొచ్చాయి. పొగ కొలిచే యంత్రం పెట్టారు. మేనేజరు కన్నెర్ర చేస్తే అది భయపడదు కదా. మొదటి బాయిలర్ గ్యాసుకు మారింది. బొగ్గు మీద కర్బన పన్ను పడ్డాక రెండోదీ మారింది. మూడోది మొండిఘటం. దాన్ని ఇవాళ మధ్యాహ్నం మూడింటికి ఆర్పేస్తున్నారు. రేపటి నుంచి కరెంటుతోనే ఆవిరి. ఒక్కో చట్టం రావడానికి పదేళ్లు పట్టింది. ఆమె మాత్రం అన్నేళ్లూ ఆ గాలే పీల్చింది.

పొద్దున ఆయన గడప దాటుతుంటే ఆమె గోడ పట్టుకుని నిలబడింది.

"మంట ఆరగానే తువ్వాలు కట్టండి. మన పెళ్లినాటి తెల్ల దుప్పటి తడిపి ఉంచుతా."

ఆ దుప్పటి కాపురానికొచ్చిన వారంలోనే మసి పడి, మళ్లీ పెట్టెలోంచి బయటికి రాలేదు.

"ఆ ఆయాసంతో ఉతుకుడేమిటే? నేనొచ్చి ఆరేస్తాలే."

"మీరు మీ పొగ చూసుకోండి. ఈ ఒక్కటీ నా చేత్తో ఆరేసుకోనివ్వండి."

మూడు దాటి పది నిమిషాలకు చిమ్నీ చివరిసారి దగ్గినట్టు దగ్గి ఊరుకుంది. కింద నుంచి బాయిలర్ ఆపరేటర్ కేకేశాడు: "పొగ మాస్టారూ, సున్నా రాసుకోండి!"

రాశాడు. తువ్వాలు రెండు ముళ్లేసి కట్టి, వీధివైపు తిరిగాడు. ఒక పెరట్లో లంగా, ఇంకో పెరట్లో చొక్కాలు, చూస్తుండగానే వీధంతా రంగులు నిండాయి. తన పెరట్లో తీగ మాత్రం బోసిగా ఉంది.

'నిదానంగా వస్తుందిలే' అనుకున్నాడు. కాసేపు చూశాడు. ఆ తర్వాత అట్టముక్క అక్కడే పడేసి, ఈ వయసులో మెట్లు రెండేసి చొప్పున దిగాడు.

ఆమె పెరటి గోడకు ఆనుకుని, డాబా కనిపించేలా కూర్చుని ఉంది. చెయ్యి చల్లబడింది. గుప్పిట్లో రెండు బట్టల క్లిప్పులున్నాయి. తువ్వాలు చూసిందో లేదో చెప్పేవాళ్లెవరూ లేరు. ఆయన ఆమె పక్కన కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

ఇరుగుపొరుగు వచ్చే లోపే లేచి, ఆమె గుప్పిట్లోని క్లిప్పులు తీసుకున్నాడు. ఆమె నీళ్లు పిండేసి బకెట్లో ఉంచిన దుప్పటి దులిపి తీగ మీద పరిచాడు.

పొద్దు వాలేసరికి జనం ఆమెను తీసుకెళ్లారు. ఖాళీ పెరట్లో దుప్పటి ఆరింది, దాని మీద ఒక్క మసి చుక్క కూడా లేదు.