నత్తలదిబ్బకు ఎప్పుడు రావాలి

నత్తలదిబ్బకు రావాలంటే ఎవరైనా పుష్యమాసంలో రమ్మంటారు. అప్పుడు పులికాటు సరస్సు నిండుగా ఉంటుంది. ఒడ్డున పడవెక్కితే చుట్ట కాలేలోపు మా దిబ్బ మీద దిగొచ్చు. ఎర్రకాళ్ళ కొంగలు బారులు తీరి నిలబడి ఉంటాయి. ఇసకలో చెలమ తవ్వితే మంచినీళ్ళు పడతాయి. వచ్చినవాడు మడవచేపల పులుసు తిని, ఇంత హాయైన చోటు లోకంలో లేదని చెప్పి పోతాడు.

అందుకే ఆ ఆఫీసరును నేను పుష్యంలో రావద్దన్నాను. వైశాఖంలో రమ్మని రాశాను.

అరవై రెండో సంవత్సరం సంగతి ఇది. మా దిబ్బ మీద డెబ్బై ఇళ్ళు, అందరివీ వలల బతుకులే. పురుళ్ళు పోసే పోలేరమ్మ ముసలిదై చచ్చిపోయాక ఆ పని తెలిసిన మనిషి దిబ్బ మీద లేదు. ఒక నర్సును మా మధ్యే ఉంచండని పంచాయతీ సమితికి పదకొండు అర్జీలు పెట్టాను. పన్నెండో అర్జీకి జవాబు వచ్చింది. ఆఫీసరు జయరామయ్య గారు స్వయంగా దిబ్బకు వచ్చి చూస్తారట. నర్సు దిబ్బ మీద ఉండాలా, ఒడ్డున పల్లెలో ఉంటే చాలా అన్నది చూశాక తేలుస్తారట. ప్రయాణానికి కావలసిన వివరాలు తెలియజేయమన్నారు.

తెలియజేశాను. నాలుగు పేజీలు రాశాను.

వైశాఖంలో సరస్సు ఎండి రెండు మైళ్ళు బురద తేలుతుంది, పడవ నడవదు, నడిచే రావాలి. పొద్దున పదింటికి బయల్దేరండి, చల్లపొద్దున వద్దు, ఎండ ఎట్లా ఉంటుందో మీకు తెలియాలి. చెప్పులు వద్దు, బురద లాగేసుకుంటుంది. పాత పంచె మోకాలి పైకి కట్టుకోండి. కాలు నిలువుగా ఎత్తి పెట్టకండి, వేళ్ళు బయటికి తిప్పి జార్చుకుంటూ నడవండి. ఎక్కడా ఆగి నిలబడవద్దు, నిలబడ్డచోట దిగిపోతారు. బురదలో ఆలిచిప్పలు కత్తుల్లా ఉంటాయి, పాదాలకు గుడ్డ చుట్టుకోండి. దారిలో చెట్టు లేదు, నీడ లేదు. మీ నీళ్ళు మీరే తెచ్చుకోండి, ఈ నెలల్లో మా చెలమ నీళ్ళు ఉప్పు. తెచ్చుకున్న నీళ్ళలో సగం తిరుగు ప్రయాణానికి దాచుకోండి.

ఇదంతా ఆయన సుఖం కోసం రాయలేదు. మా చెల్లెలు మస్తానమ్మ ఏ దారిన పోయిందో ఆ దారిన ఆయన రావాలని రాశాను. అంతకు రెండేళ్ళ ముందు జ్యేష్ఠమాసంలో దానికి తొలి నొప్పులు వచ్చాయి. వేసవిలో సరస్సులో వేట ఉండదు. మగవాళ్ళంతా మైపాడు వైపు, ముత్తుకూరు వైపు సముద్రపు వేటకు పోతారు. మిగిలిన ముసలివాళ్ళూ ఆడవాళ్ళూ దాన్ని బురదలో ఈడ్చుకుపోయారు. ఒడ్డు చేరేసరికి కడుపులో బిడ్డ చచ్చింది. ఆ ఏడు అది మళ్ళీ కడుపుతో ఉంది. ఈసారి నర్సు దిబ్బ మీద ఉండాలి. నాకు కావలసింది అంతే.

ఉత్తరం సంగతి తెలిసి మా పల్లె పెద్ద కామాక్షయ్య నలుగురినీ పిలిచి కూర్చోబెట్టాడు.

"ఏందిరా ఓబిగా, అంత పెద్దమనిషిని బురదలో నడిచి రమ్మని రాసినావంట?"

"రాసినా మామా. చెప్పులు కూడా వొద్దన్నా."

"మీ అత్తగారిని కూడా అట్నే నడిపించినావా నీ పెండ్లికి?"

"నడిపించుంటే ఈయనకి పిల్లనిచ్చేదా ఆమె!" అన్నాడు ముత్యాలయ్య. మస్తానమ్మ మొగుడు. వేట నుంచి బియ్యం ఇచ్చిపోదామని వచ్చి ఉన్నాడు. అందరూ నవ్వారు.

"నవ్వండి," అన్నాను నేను. "ఆయన కాళ్ళు తెగాల. ఆయన నోరు ఎండాల. అప్పుడు గానీ ఈడకి నర్సు రాదు."

కామాక్షయ్యకు కోపం వచ్చింది. మా దిబ్బకు తొలిసారి వచ్చే మనిషి కాలికి బురద అంటకూడదు. ఎప్పటి నుంచో ఉన్న కట్టుబాటు. అంటితే పల్లెకు తలవంపు. అందుకని ఒక బురదబల్ల ఉంది. పాత పడవ పలకలు రెండు బిగించి, ముందు అంచు పైకి వంచి, అడుగున చేపనూనె రాస్తారు. వేసవిలో పెళ్ళికూతుర్ని తెచ్చేది దాని మీదే. మనుషులు చాలినంతమంది ఉంటే అది జారుతుంది. లేకపోతే బురదలో పాతిపెట్టిన బండ.

"ఇంటికొక మొగోడు వేట మానుకోని రావాల," అన్నాడు కామాక్షయ్య. "సారును బల్ల మీద తేవాల. ఒడ్డు నుంచి మంచినీళ్ళు తెచ్చి కుండల్లో పెట్టండి. రాని ఇంటిని కట్టుబాటు కింద వెలేస్తా. ఓబయ్యా, నీతో కూడా చెప్తా ఉండా. ఆ దినం నువ్వు నోరు తెరవబాక."

మస్తానమ్మతో చెప్తే నా పక్షాన ఉంటుందనుకున్నాను. అది పీతలు కడుగుతూ తల కూడా ఎత్తలేదు.

"మన కోసరం వచ్చే మనిషిని హింస పెట్టి పంపిస్తామా అన్నా? చూసి మనసు కరిగితే నర్సునిస్తాడు. కాళ్ళు కోసుకుపోతే ఎందుకిస్తాడు?"



ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే ఒడ్డుకు పోయి నిలబడ్డాం. జీపు దిగిన మనిషిని చూశాను. నేను రాసింది రాసినట్టు చేసి వచ్చాడాయన. పాత పంచె మోకాలి పైకి బిగించాడు. పాదాలకు గుడ్డపేలికలు చుట్టుకున్నాడు. భుజాన మరచెంబు వేలాడుతోంది.

"ఓబయ్య ఎవరయ్యా?" అన్నాడు. "నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పద, ఎట్లా నడవాలో చూపించు."

నేను రాసినవాటిలో ఒక్కటైనా ఒక మనిషి నిజంగా చదివాడని నాకు తెలిసింది అప్పుడే. నేను అడుగు ముందుకు వేసేలోపు కామాక్షయ్య ఆయన చేతులు పట్టుకున్నాడు.

"అంత మాటొద్దు సామీ. మేం బతికుండగా మీ కాలు బురదలో పడనిస్తామా?"

బల్ల మీద కుర్చీ వేసి ఉంది. కుర్చీ మీద దుప్పటి. వెనక పదహారు మంది మగవాళ్ళు, ఒళ్ళు నూనె రాసుకుని, పెళ్ళికి వచ్చినట్టు.

"లేదయ్యా, నేను నడుస్తాను," అన్నాడాయన. "అందుకే వచ్చాను."

"మీరు నడిస్తే మేం ఈ బురదలోనే పడి చస్తాం సామీ," అన్నాడు కామాక్షయ్య. అన్నట్టే బురదలో కూలబడ్డాడు, డెబ్బై ఏళ్ళ మనిషి.

ఆఫీసరు నా వైపు తిరిగాడు. "ఏమంటావు ఓబయ్యా?"

ముత్యాలయ్య నా చెవిలో గొణిగాడు. "బావా, నీ చెల్లెలు తెల్లారుజాము నుంచి పొయ్యి ముందరుండాది. దాని మొహం చూసైనా ఊరుకో."

చెప్పవలసింది నా నోటి చివర ఉంది. ఎక్కకండి, మీరు ఎక్కితే మేం చెడతాం అని. కలెక్టరు కచేరీ ముందు గొంతు చించుకున్నవాణ్ణి. పోలీసు లాఠీకి వెరవనివాణ్ణి. నా పల్లె జనం నలభై మంది నన్నే చూస్తున్నారు.

"మీ ఇష్టం సార్," అన్నాను.

ఆయన ఎక్కాడు.

సగం దూరంలో ఒక లోతు గుంటలో బల్ల దిగబడింది. పదహారు మంది తోసినా కదల్లేదు. ఆయన దిగబోయాడు. "దిగనీయబాకండ్రా!" అని కామాక్షయ్య వెనక నుంచి అరిచాడు. ఒక్క భుజం తక్కువైంది. ఆ భుజం నేను పెట్టాను. బల్ల ఊగి, లేచి, జారింది. ముప్పాతిక గంటలో దిబ్బ చేరాం. ఆయన దిగి నవ్వుతూ, "పల్లకీలో వచ్చినట్టుందయ్యా, నువ్వు రాసింది చదివి ఎంత భయపడ్డానో!" అన్నాడు.

మస్తానమ్మ చేపల పులుసు వడ్డించింది. తాటిముంజలు ఒలిచి పెట్టింది. ఒడ్డు నుంచి మోసుకొచ్చి కుండలో చల్లబరచిన నీళ్ళు ఇచ్చింది. ఆయన తాగి, "నీళ్ళు తియ్యగా ఉన్నాయే!" అన్నాడు. అవి ఎక్కడివో ఎవరూ చెప్పలేదు.

"నీకు ఎన్నో నెలమ్మా?" అని అడిగాడు.

"ఆరో నెల సార్."

"ఇబ్బందేమీ లేదు కదా?"

"మీ దయ సార్. ఏం లేదు."

ఇక ఉండబట్టలేక నేను లేచాను. "సార్, ఈమెకు ముందర..."

"అన్నా," అన్నది మస్తానమ్మ, "సారుకు ఇంకో ముక్క వెయ్యి."

వేశాను.

ఆయన పోయాక దాని మీద కేకలేశాను. బిడ్డ చచ్చిన సంగతి ఎందుకు చెప్పనీయలేదని అడిగాను.

"అన్నం తినే మనిషి ముందర చచ్చిన బిడ్డ కత చెప్తారా? కడుపులో ఒకదాన్ని పెట్టుకోని నేను ఆ మాట వింటా నిలబడాల్నా?" అన్నది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నువ్వు అందరి సంగతీ రాస్తావు. నన్ను ఒక్కరవ్వ అడిగి రాయి."

ఆ రాత్రే ఆఫీసరుకు మళ్ళీ రాశాను. ఆ పదహారు మందీ మామూలు రోజుల్లో దిబ్బ మీద ఉండరనీ, నీళ్ళు మావి కావనీ. జవాబు రాలేదు. జ్యేష్ఠంలో సమితి ఆఫీసుకు పోతే గుమాస్తా హజరత్తయ్య ఇంగ్లీషు రిపోర్టు తీసి, తెలుగులో చెప్పాడు.

"ప్రయాణం ముప్పాతిక గంట. అర్జీదారు రాసినంత కష్టం లేదు. గ్రామస్థులు బలిష్ఠులు, సహాయశీలురు. మంచినీరు బాగున్నది. అవసరమైనప్పుడు గర్భిణులను ఒడ్డుకు తేవడం సులభం. నర్సును ఒడ్డున పల్లెలో ఉంచితే అయిదు గ్రామాలకు ఉపయోగం."

"నా రెండో ఉత్తరం?" అన్నాను.

"ఫైల్లో ఉండాది అన్నా. ఊరంతా సంతోషంగా ఉంటే నువ్వొక్కడివే పేచీ పెడతా ఉండావని దాని మీద ఎవరో రాసినారు." హజరత్తయ్య ఆ కాగితం నాకు చూపించకుండానే మడిచేశాడు.

నర్సు వచ్చింది. కరుణాకుమారి అని చిన్న పిల్ల. ఒడ్డున పల్లెలో ఇల్లు ఇచ్చారు. సరే, కాన్పుకు పదిహేను రోజుల ముందే మస్తానమ్మను ఒడ్డున మా చిన్నమ్మ ఇంట్లో దింపుదామనుకున్నాం. ముత్యాలయ్య అప్పటికి వస్తానని చెప్పి వేటకు పోయాడు.

ఆషాఢంలో, ఇంకా ఎనిమిదో నెలలోనే, మధ్యాహ్నం పూట కట్టెలు కొడుతూ అది నడుం పట్టుకుని కూర్చుంది.

నేను జ్వరం పడి లేచి ఇంట్లో ఉన్నాను. కామాక్షయ్య ఉన్నాడు. నడుం వంగని మగవాడు దిబ్బ మీద మరొకడు లేడు. నా పెండ్లాం మాలకొండమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు. మిగిలిన ఆడవాళ్ళు ఎండుచేపలతో సంతకు పోయారు. ఏడుగురం బల్లను బురదలోకి దించాం. మస్తానమ్మను పడుకోబెట్టి, ఎండ పడకుండా మీద చీర పట్టాం. కాసేపటికి చీర పట్టుకున్న చేతులు కూడా తోయడానికి కావలసి వచ్చాయి.

మొదటి మైలుకు గంటన్నర పట్టింది. కామాక్షయ్య రెండుసార్లు బోర్లా పడ్డాడు. మళ్ళీ లేచి తోశాడు. మస్తానమ్మ మొదట అరిచింది. తరవాత, "అన్నా, దిగి నడుస్తా," అన్నది. బల్ల తేలికవుతుందని దాని ఆలోచన. నేను తిట్టాను. అది ఆఖరున విన్న మాట నా తిట్టే.

ఆ లోతు గుంటలో బల్ల దిగబడింది. కదల్లేదు. ఇక కదల్లేదు.

ఒడ్డు నుంచి ఎవరో చూసి నర్సుకు చెప్పారు. ఆ పిల్ల సంచి నెత్తిన పెట్టుకుని బురదలోకి దిగింది. దూరాన తెల్లచీర కనిపించింది. పది అడుగులు వేసి, మా వైపు చూడటానికి ఆగింది. ఆగినచోట తొడల దాకా దిగిపోయింది. "ఆగబాకమ్మా, నిలబడబాక!" అని అరిచాను. వినపడలేదు. ఒడ్డు మనుషులు తాళ్ళేసి ఆమెను లాగి, మళ్ళీ పంపేసరికి పొద్దు వాలింది. ఆమె వచ్చి బల్ల పక్కన మోకాళ్ళ మీద పడింది. చేయి పట్టి చూసింది. కడుపు మీద చెవి పెట్టింది. రెండు ప్రాణాలూ లేవని ఆమె చెప్పనక్కర్లేకపోయింది. బల్ల మీద నుంచి బురదలోకి కారిన రక్తం ఆరిపోయి ఉంది.

"ఆఫీసరు గారు ఈ దారి చూశారు కదా?" అన్నది ఆ పిల్ల ఏడుస్తూ. "సులభమని రాశారే!"

"చూసినాడమ్మా," అన్నాను. "మేమే చూపించినాం."

కామాక్షయ్య అట్లాగే బురదలో కూర్చున్నాడు. ఎంత పిలిచినా లేవలేదు. మాలకొండమ్మ చంకల కింద చేతులేసి లేపింది.

ముత్యాలయ్యకు కబురు అంది, నాలుగో రోజుకు వచ్చాడు. అప్పటికి మట్టి చేసేశాం. తన ఇంట్లోకి పోలేదు. నా ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఎంతమంది తోసినారు బావా?"

"ఏడు మందిమి. అయిదుగురు ఆడోళ్ళు."

"నేనుంటే?"

ఉంటే ఎనిమిది మంది. ఎనిమిది మందికీ ఆ బల్ల కదలదు. ఆ లెక్క నాకంటే అతనికే బాగా తెలుసు. కదిలేదని అబద్ధమాడితే జీవితాంతం కుమిలిపోతాడు. కదలదని నిజం చెప్తే, ఉన్నా చేయగలిగింది లేదని కుమిలిపోతాడు. నేను ఏదీ చెప్పలేదు. అతను లేచి, తన ఇంటి తలుపుకు గడియ పెట్టి, అటు నుంచి అటే వేటకు పోయాడు. మళ్ళీ దిబ్బకు రాలేదు.

ఇది జరిగి అయిదేళ్ళయింది. నర్సు ఇల్లు ఇప్పటికీ ఒడ్డునే ఉంది. కరుణాకుమారి బదిలీ చేయించుకుని పోయింది, ఇంకొకామె వచ్చింది. ఈ సంవత్సరం దిబ్బ మీద నలుగురు కడుపుతో ఉన్నారు. ఇద్దరికి వైశాఖంలో నెలలు నిండుతాయి.