మిషను నీడ

నాచారంలో పొద్దున ఫ్యాక్టరీ సైరన్ కూయగానే దానమ్మ కుట్టు మిషను ముందు కూర్చునేది. మొగుడు పోయాక కార్మికుల ఖాకీ చొక్కాలు కుట్టి ఇద్దరు ఆడపిల్లలను సాకుతోంది. ఆమె ఉంటున్న అర్ర సిద్దయ్యది. జొన్నచేను ఫ్యాక్టరీకి అమ్మి, ఆ డబ్బుతో వరసగా అర్రలు కట్టి కిరాయికిచ్చాడు. చేను పోయినా బర్రెల మీది ప్రేమ పోలేదు. మనుషులెట్లా పోయినా వాటి మీద ఈగ వాలకూడదు. ఆ వేసవిలో కొట్టం తలుపు వదులైందని, దానమ్మ అర్ర వెనక తలుపుకున్న ఇనుప గడియ ఊడదీసి అక్కడ బిగించుకున్నాడు.

"మామా, తలుపు ఉత్తగనే ఉన్నది. జర గడియ పెట్టియ్యి" అని దానమ్మ అడిగినప్పుడల్లా, "పెడ్త బిడ్డా, నీ ఇంట్ల ఏమున్నదని గంత ఫికర్?" అని నవ్వేవాడు.

ఓ ఆదివారం పిల్లలతో చర్చికి వెళ్లొచ్చేసరికి మిషను లేదు. గోడ మీద దాని నీడ మాత్రం ఉంది. ఆ ఊళ్లో అంతే, దొంగలెత్తుకుపోయిన వస్తువు నీడ ఉన్నచోటే ఉండిపోతుంది. ఇరుగుపొరుగు వచ్చి గోడ చూసి, "అయ్యో, మిషనే పాయెనా!" అన్నారు.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, సిద్దయ్య ఆ సాయంత్రం కొత్త గడియ తెచ్చి బిగించాడు.

"గడియ నువ్వే తీసినవ్. మిషను నువ్వే కొనియ్యాలె" అంది దానమ్మ.

"నేను గోడలకు కిరాయి తీస్కుంటున్న. లోపలి సామానుతోని నాకేం పని?"

పంచాయితీ పెట్టారు. కూర్చున్న పెద్దలందరికీ తలా కొన్ని కిరాయి అర్రలున్నాయి. ఇవాళ సిద్దయ్య కడితే రేపు తామూ కట్టాలి. వాళ్లలో భూషణం అనే ఆయన గోడ చూసొచ్చి మీసం దువ్వాడు.

"నీడ ఉన్నదంటే మిషను ఉన్నట్టే. సిద్దయ్య ఇచ్చేదేం లేదు."

మిగతా పెద్దలు తలలూపారు. సిగ్గులేని తలలు, ఎటైనా ఊగుతాయి. దానమ్మ లేచి నిలబడింది.

"మంచిది. ఉన్నదని మీరే అన్నరు. అర్ర ఖాళీ జేస్తున్న. మిషను నీకు అప్పజెప్తున్న మామా. మల్ల వచ్చి తీస్కపోత. అందాక అది పోతే నీదే జిమ్మ, నువ్వే కట్టియ్యాలె."

పెద్దలు సరేనన్నారు. తీర్పు తమదే, కాదనేదెట్లా?

దానమ్మ మల్లాపూర్‌లో సీసాలు కడిగే పనికి కుదిరింది. పెద్దపిల్ల బడి మానేసి తల్లి పక్కన నిలబడింది.

ఎక్కడో ఎవరో ఆ మిషనును విరగ్గొడితే ఇక్కడ నీడ చెరిగిపోతుందని సిద్దయ్యకు తెలుసు. ఆ భయంతో అర్ర ఎవరికీ ఇవ్వలేదు. మాటిమాటికీ తలుపు తీసి గోడ చూసుకునేవాడు. అన్నం ఆ గడప మీదే తినేవాడు. మేపే తీరిక లేక బర్రెలను అమ్మేశాడు. భార్య శంకరమ్మ తిట్టీ తిట్టీ ఊరుకుంది.

రెండేళ్లకు, సగమైపోయిన సిద్దయ్య మల్లాపూర్ వెళ్లి దానమ్మను పట్టుకున్నాడు.

"బిడ్డా, నీ మిషను మంచిగున్నది. వచ్చి తీస్కపో. నీకు దండం బెడ్త."

దానమ్మ వేళ్లు నీళ్లలో నాని తెల్లబడ్డాయి, గాజు కోసిన గాట్లు వాటినిండా. ఆ వేళ్లకిప్పుడు సూది పట్టు దొరకదు.

"యాడ పెట్టుకుంటం మామా, మాకు జాగ లేదు. నీ దగ్గర్నే ఉండనియ్యి" అని ఇంకో సీసా అందుకుంది.

అంతలో సిద్దయ్య జేబు తడుముకున్నాడు. అర్రకు తాళం వేశాడో లేదో గుర్తు రాలేదు. ఆ ముసలి కాళ్లతోనే నాచారం వైపు పరుగెత్తాడు.