లెక్వార్ ఎవరిది?

రెగీనా తెల్లవారకముందు నుంచీ తెడ్డు తిప్పుతూనే ఉంది. పెరట్లో పెద్ద రాగి గంగాళంలో ఉడుకుతున్నది ఆమె పెళ్ళి బన్నుల్లో పెట్టాల్సిన లెక్వార్ అనే పళ్ళ జామ్. ప్లమ్ పళ్ళు చక్కెర లేకుండా తమ రసంలోనే ఉడికి నల్లగా దగ్గరపడాలి. తెడ్డు ఆగితే అడుగంటడం ఖాయం.

ఆమె గుబులు గంగాళం గురించి కాదు, పొయ్యికి అటూ ఇటూ కూర్చున్న ఇద్దరి గురించి. ఒకరు తల్లి తెరేజియా, జర్మన్ల ఇంటి మనిషి. ఇంకొకరు కాబోయే అత్త జుజన్నా, స్లొవాకు. హంగేరీలో పక్కపక్క ఊళ్ళవాళ్ళే అయినా క్షణం పడదు. నిశ్చితార్థమై ఏడాదైనా ఒకరినొకరు నోరారా వదినా అని పిలుచుకోలేదు. వీళ్ళ పంతాలతో పెళ్ళి ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది.

"లెక్వార్ అన్న మాట మాది. ఈ దేశానికి నేర్పిందే మేము," అంది జుజన్నా, తర్వాతి వాయికి ప్లమ్ పళ్ళ గింజలు తీస్తూ.

"చాల్లెండి సంబడం! మా అమ్మమ్మ పుట్టినప్పటినుంచీ ఆ మాటే అనేది," అంది తెరేజియా.

తగువు తీర్చమని గోడ అవతలి ఒట్టో గారిని పిలిచారు. మందుల షాపు నడిపి మానేసిన పెద్దాయన, లాటిన్ వచ్చు. వస్తూనే ఒక గరిటె రుచి చూశారు.

"ఇది మొదట మందమ్మా! లాటిన్ వైద్యులు నాకించే లేహ్యం. ఆ పేరు జర్మన్లు తీసుకుని తమ నోటికి తిప్పుకున్నారు. వాళ్ళ నుంచి స్లొవాకులకి, వాళ్ళ నుంచి హంగేరియన్లకి వచ్చింది."

"చూశారా, మాదే!" అని తెరేజియా లేచింది.

"ఇక్కడికి తెచ్చింది మేమేగా!" అని జుజన్నా కూడా లేచింది. ఒట్టో గారు ఇంకో గరిటె నోట్లో వేసుకుని మెల్లగా జారుకున్నారు.

రెగీనాకు ఒళ్ళు మండిపోయింది. "మాట మీదీ, చాకిరీ నాదీనా? మీరే తిప్పుకోండి!" అని తెడ్డు వదిలేసి, దూరంగా మెట్టు మీద కూలబడింది. ఈ పెళ్ళి ఇక జరగదనుకుంటే కళ్ళ నీళ్ళు ఆగలేదు.

గంగాళం బుడబుడమంది. మాడు వాసన వచ్చిందో లేదో, ఇద్దరూ ఒక్క ఉదుటున తెడ్డు అందుకున్నారు. వదిలితే ఓడినట్టే, అందుకని ఎవరూ వదల్లేదు. ఒకరు అటు లాగితే ఇంకొకరు ఇటు. వేడి చుక్కలు చిట్లి ఇద్దరి చేతులమీదా పడ్డాయి. కాసేపటికి తెడ్డు ఒకే వైపు తిరగడం మొదలైంది.

"మెల్లగా వదినా, మీ వైపు అంటుతోంది," అంది జుజన్నా.

తెరేజియా తల ఎత్తలేదు. "చూస్తున్నాలెండి వదినా. పెళ్ళికూతురు పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, ఇంత రొట్టె పెట్టండి."

"మీరే పెట్టండి."

ఇద్దరూ తెడ్డు మాత్రం వదల్లేదు. రెగీనా ముక్కు తుడుచుకుని, నవ్వుకుంటూ తనే లేచి రొట్టె కోసుకుంది.