లైటు ఆరేదాకా

ఆ కార్ల షెడ్డులో ఏ ఆయిల్ ఫిల్టరు బిగించాలన్నా ముందు దాని మూతి చుట్టూ ఉన్న చిన్న కన్నాల్లో ఒకదానిలోకి సన్నపు తీగ దూర్చి చూడాలి. తీగ కొసకు మెత్తగా రబ్బరు తగలాలి. తగిలితే బిగించు, తగలకపోతే పారేయి. షెడ్డు కట్టిన నాన్న పెట్టిన నియమం అది. ఆయన పోయాక కొడుకు మెకానిక్ అయ్యాడు. తీగ చొక్కా జేబులో లేకుండా బయటికి అడుగు పెట్టేవాడు కాదు. కూతురికీ ఆ విద్య వచ్చు. చిన్నప్పుడు తమ్ముడితో పోటీపడి మరీ నేర్చుకుంది.

ఆమె మొగుడు టాక్సీ తోలతాడు. ఒకరోజు బండిని షెడ్డులోకి తెచ్చి, సంచిలోంచి కొత్త ఫిల్టరు తీసి బల్ల మీద పెట్టాడు.

"బజార్లో చవగ్గా దొరికింది బామ్మర్దీ. నీ దగ్గర కొంటే నా చొక్కా కూడా ఊడదీస్తావు."

మెకానిక్ తీగ తీసి దూర్చాడు.

"దానికి ఇంజెక్షనేంటి, జ్వరమొచ్చిందా?" అన్నాడు బావ.

కొస ఎక్కడా మెత్తగా ఆగలేదు. సర్రున లోపలికి పోయి రేకుకు తగిలింది. పైకి అదే రంగు, అదే మరచుట్లు, అదే కొలత. లోపల రబ్బరు పొర మాత్రం లేదు.

ఆ కారులో ఫిల్టరు ఇంజను పక్కన అడ్డంగా పడుకుని ఉంటుంది. బండి ఆపాక అందులోని ఆయిలు జారిపోకుండా ఆ పొరే పట్టి ఉంచుతుంది. అది లేకపోతే తెల్లారేసరికి ఫిల్టరు ఖాళీ. తాళం తిప్పగానే పంపు ముందు ఆ ఖాళీని నింపుకోవాలి. అప్పటిదాకా ప్రెషరు రాదు. ఇనుము ఇనుమును నమిలేస్తుంది.

చెబుదామని నోరు తెరిచాడు. ఈలోగా బావ అన్నాడు: "చేతులు తుడుచుకుని డోరు ముట్టుకో. సీట్లు కొత్తవి."

మెకానిక్ నోరు మూసుకున్నాడు. ఆమధ్య చుట్టాలింట్లో భోజనాల దగ్గర అతను వడ్డించబోతే, "కూరలో నూనె తక్కువైందా? మా బామ్మర్ది చేతులు ముంచితే సరి" అన్నాడు ఈ బావే. అందరూ నవ్వారు. చుట్టాలు నవ్వితే నవ్వారు, అక్క కూడా నవ్వింది.

చేతులు శుభ్రంగా తుడుచుకుని ఆ ఫిల్టరునే బిగించాడు.

కొన్నాళ్లకు బావ వచ్చాడు. "పొద్దున్నే స్టార్టు చేస్తే ఆయిలు ఎర్ర లైటు ఓ పట్టాన ఆరట్లేదు బామ్మర్దీ."

"ముసలి బండి బావా. మనిషైనా లేవగానే పరుగెత్తుతాడా? ఎక్సలేటరు తొక్కు. లైటు ఆరేదాకా తొక్కు."

తొక్కితే లైటు నిజంగానే తొందరగా ఆరింది. ఆ కాస్తలోనే లోపల బేరింగులు గీసుకుపోతున్నాయని బావకేం తెలుసు? ఎంతైనా మా బామ్మర్ది పనిమంతుడని స్టాండులో అందరికీ చెప్పాడు. ఆ మాట మెకానిక్ చెవిన పడింది. పడ్డా మనసు కరగలేదు. పక్క వీధిలోంచి రోజూ ఆ బండి లేచే చప్పుడును పళ్లు తోముకుంటూ వినేవాడు. మొదట గరగర వినిపించేది. తర్వాత టకటక మొదలైంది.

ఒకనాడు మనుషుల్ని ఎక్కించుకుని పోతుంటే ఇంజను నడిరోడ్డు మీద పట్టేసింది. తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చారు. ఆ ఇల్లు గడిచేది ఆ బండి మీదే. బాగుచేయడానికి అందులో ఏమీ మిగల్లేదు. బావ ముఖం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి పోయి, అక్కడే కూలబడ్డాడు.

కబురు తెలిసి అక్క వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా ఫిల్టరు ఊడదీసి, తమ్ముడి ముందు చెయ్యి చాపింది.

"తీగ ఇవ్వు."

ఇచ్చాడు. దూర్చి చూసింది.

"ఆ రోజు నవ్వాననా?"

అతను తల దించుకున్నాడు.

"నవ్వొచ్చింది, నవ్వాను" అంది అక్క.

"బావకు చెబుతావా?"

"నేనెందుకు చెబుతాను? ఈ షెడ్డులో నాకూ సగముంది. రేపట్నించి ఆయన ఇక్కడే పని చేస్తాడు. పని నువ్వే నేర్పు. తీగ కూడా."

ఆ ఫిల్టరును తుడిచి, బల్ల పైన మేకుకు తగిలించి పోయింది.

నట్లు కడగడం, నేల ఊడ్చడం, టైర్లు విప్పడం అంటూ మెకానిక్ రోజులు నెట్టాడు. అన్నం గిన్నె తెచ్చినప్పుడల్లా అక్క, "తీగ నేర్పాడా?" అని మొగుణ్ణి అడిగేది. చివరికి నేర్పక తప్పలేదు.

బావ కొత్త ఫిల్టరులో తీగ దూర్చాడు. "మెత్తగా తగిలింది" అన్నాడు చిన్నపిల్లాడిలా. తర్వాత అతని చూపు మేకు మీదికి పోయింది. అక్కడున్న తన బండి ఫిల్టరును దించి ఒక కన్నంలో తీగ దూర్చాడు. ఇంకో కన్నంలో దూర్చాడు.

"ఆ రోజు దీనికీ ఇంజెక్షను చేశావుగా" అన్నాడు మెల్లగా.

బావ చెయ్యి చేసుకోలేదు, తిట్టలేదు. ఫిల్టరును మళ్లీ మేకుకే తగిలించాడు.

ఇప్పుడు షెడ్డులో మెకానిక్ ఏ బండి తాళం తిప్పినా, నల్లబడ్డ చేతులతో బావ వచ్చి కిటికీ పక్కన నిలబడతాడు.

"తొక్కు బామ్మర్దీ, లైటు ఆరేదాకా తొక్కు."

బండ్ల వాళ్లు అదేదో బావామరుదుల సరసం అనుకుని నవ్వుతారు. అన్నం గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ అక్క కూడా నవ్వుతుంది.