పద్నాలుగో మడికి పన్నెండుమంది

మెత్తనివాడిని చూస్తే మొత్తబుద్ధి అంటారు. కోటేశ్వరమ్మ మెత్తనిదని ఆ తోట కమిటీకి ఎవరు చెప్పారో గాని, చెప్పినవాళ్లకు ఆవిడ సంగతి బొత్తిగా తెలియదు.

పది వారాలు పామర్‌స్టన్ నార్త్‌లో కూతురు నిరుపమ దగ్గర ఉండి బుధవారం సాయంత్రం ఆవిడ ఆక్లాండ్ తిరిగొచ్చింది. నిరుపమ అక్కడి ఆస్పత్రిలో నర్సు. నర్సుకే ఆపరేషన్ అయితే ఇన్ని గంజినీళ్లు కాచి పోసే మనిషి కావాలి కదా! గురువారం తెల్లారగానే కోటేశ్వరమ్మ మౌంట్ రాస్కిల్‌లో కొడుకు ఇంటి నుంచి, పార్కు వెనక ఉన్న తోటకు నడిచింది. ఇరవై మడుల తోట అది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు తలా ఒక మడి తీసుకుని కూరలు పండించుకుంటారు. కుళాయి పక్కన పద్నాలుగో మడి ఎనిమిదేళ్లుగా ఆవిడది.

చిక్కుడు పాదు లేదు. బచ్చలి తీగ లేదు. చుక్కకూర ఆనవాలు కూడా లేదు. కొత్త నల్లమట్టి పోసి ఉంది, అందులో బారుగా లెట్యూస్ మొక్కలు, చివర 'స్పందన' అని రాసిన చెక్క. పందిరితో సహా పీకేసిన పాదు కంపోస్టు కుప్ప మీద పడుంది, పూత తీగ మీదే ఉండి.

కోటేశ్వరమ్మ ఆ తీగను చేత్తో ఎత్తి చూసింది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆవిడకు ఎప్పుడూ ముందు కోపమే వస్తుంది.

తోట కమిటీ సెక్రటరీ బాలసుబ్రహ్మణ్యం. చిత్తూరువాడు, పెద్ద ఐటీ ఉద్యోగం, యాభై దాటినా ఆవిడను ఆంటీ అనే పిలుస్తాడు. ఫోన్ చేస్తే చాలా మర్యాదగా మాట్లాడాడు.

"రూల్ ఉంది కదా ఆంటీ. నెలకొక ఆదివారం అందరం కలిసి వర్కింగ్ బీ చేస్తాం, కలుపు తీసేది, దారి ఊడ్చేది. రెండు మిస్ అయితే ప్లాట్ పోతుంది. మీకు ఈమెయిల్ పంపినాం కూడా."

"నాకేం రాలేదు నాయనా."

"వచ్చినవీ పంపినవీ ఒకసారి చూసుకోండి ఆంటీ," అని పెట్టేశాడు.

చూసుకోవడానికి ఆవిడ ఈమెయిల్ ఆవిడ దగ్గరుంటేగా! వీసా కాగితాలకని కొడుకు రాఘవ్ పదేళ్ల కిందట తెరిచాడు, వాడి ఫోన్‌లోనే ఉంటుంది. డాక్టరు అపాయింట్‌మెంటు, బ్యాంకు, బస్ కార్డు, అన్నీ వాడికే వస్తాయి, వాడే జవాబిస్తాడు. అక్కడి పెద్దవాళ్లందరి సంగతీ అంతే. సాయంత్రం అడిగితే రాఘవ్ కళ్లెత్తకుండానే "స్పామ్‌లో పోయుంటుందమ్మా," అన్నాడు. "అయినా వదిలేయ్. శాండ్రింగ్‌హమ్‌లో ఇండియన్ షాపుల్లో కావలసినన్ని చిక్కుడుకాయలు దొరుకుతాయి. పోయిన చలికాలం అక్కడే జారిపడి మణికట్టు విరగ్గొట్టుకోబోయావు."

వదిలేయాలట. ఆ ఇంట్లో వంటిల్లు కోడలిది. టీవీ కొడుకుది. ఆవిడ పడుకునే గది చుట్టాలు వస్తే చుట్టాలది. కూర్చునే కుర్చీకి కూడా ఇంకొకరి పేరుంది. ఇంత పెద్ద దేశంలో నాదీ అని ఆవిడ అనగలిగింది ఆ నాలుగు గజాల మట్టి ఒక్కటే. అది పోతే ఇక ఆవిడ ఎవరింట్లోనో ఉంటున్న ముసలావిడ, అంతే. ఆ మాట పైకి అనలేదు గాని, అన్నం మాత్రం సగంలో వదిలి లేచింది.

శుక్రవారం మధ్యాహ్నం మనవరాలు అక్షయ డైనింగ్ టేబుల్ నిండా పుస్తకాలు పరుచుకుని కూర్చుంది. యూనివర్సిటీలో చరిత్ర, లా కలిపి చదువుతోంది. అక్కడే పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది, మాట్లాడితే సగం ఇంగ్లీషు.

"ఏం చదువుతున్నావే?"

"రిట్స్, నానమ్మా. మిడీవల్ ఇంగ్లండ్."

"రిట్లా? హైకోర్టులో వేసేవేగా?"

"వాటికి తాతలు ఇవి. హెన్రీ ద సెకండ్ అని ఒక కింగ్. నిన్ను నీ ల్యాండ్ నుంచి ఎవరైనా తోసేస్తే, కింగ్ ఆఫీస్‌కి వెళ్లి ఒక రిట్ తెచ్చుకోవాలి. చిన్న తోలు ముక్క మీద రాసిస్తారు. షెరీఫ్‌కి అంటే ఆ ఏరియాలో కింగ్ మనిషికి ఆర్డర్ అన్నమాట. పన్నెండుమంది నైబర్స్‌ని తీసుకెళ్లి ఆ ల్యాండ్ చూపించు, వాళ్లని అడుగు అని."

"ఏమని? ఓనరెవరనా?"

"కాదు! అదే కూల్ పార్ట్. ఓనర్ ఎవరో తర్వాత. ఈమె అందులో ఉందా? ఈమెని అన్యాయంగా, తీర్పు లేకుండా తోసేశారా? యెస్ అంటే ముందు ఆమెని తిరిగి ఆ ల్యాండ్ మీద పెట్టేస్తారు. ఆ తర్వాత కొట్టుకోండి అని."

కోటేశ్వరమ్మ చేతిలో ఉల్లిపాయ, కత్తి రెండూ కింద పెట్టింది. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఇది మా తెనాలి కోర్టే కదే!"

ఆ పిల్లకేం తెలుసు? ఇంట్లో చక్కెర డబ్బా ఎక్కడ పెట్టిందో మరిచిపోయే ఈ నానమ్మ ముప్పై రెండేళ్లు తెనాలి మున్సిఫ్ కోర్టులో పనిచేసి నాజరుగా రిటైరైంది. కోర్టు నుంచి బయటికి పోయే ప్రతి నోటీసు, ప్రతి వారంటు నాజరు చేతి మీదుగా పోవాలి. నోటీసు ఎవరికి అందింది, ఎలా అందిందో తిరిగొచ్చి చెప్పవలసింది నాజరుకే. తోసేసినవాళ్లు ఆర్నెల్లలోపు దావా వేస్తే, ఆస్తి ఎవరిదని అడక్కుండా ముందు స్వాధీనం ఇప్పించే చట్టం అక్కడా ఉంది. టముకు వేయించి, ఇరుగుపొరుగును పిలిచి, గెలిచినవాళ్ల దోసిట్లో ఇంత మట్టి పెట్టించి సంతకాలు తీసుకున్న రోజులు ఆవిడ ఎన్ని చూసింది! అదంతా ఏకబిగిన చెప్పింది.

"మట్టి కూడానా? ఇంగ్లండ్‌లో కూడా సేమ్!" అక్షయ కళ్లు ఇంతయ్యాయి. "ఇంకోటి నానమ్మా. తెలిసిన ఫోర్ డేస్‌లో అయితే రిట్ కూడా అక్కర్లేదు. ఫ్రెండ్స్‌ని వెంటేసుకుని మనమే వెళ్లి కూర్చోవచ్చు."

కోటేశ్వరమ్మ వేళ్లు ముడిచింది. గురువారం, శుక్రవారం, శనివారం, ఆదివారం. ఆదివారమే వర్కింగ్ బీ.

"ఒట్టినే ఎక్కి కూర్చుంటే దౌర్జన్యం అంటారు. పన్నెండుమందితో అనిపించి మరీ కూర్చుంటాను. కాగితం తియ్యి."

"కింగ్ పేరు మీద రాద్దామా? ఇక్కడ ఇప్పటికీ ఇంగ్లండ్ కింగే కదా."

"ఫోర్జరీ అవుతుంది, ముండా పిల్లా. నా పేరే రాయి."

ఆదివారం పదింటికి తోటలో అందరూ పలుగులూ పారలూ పట్టుకుని ఉన్నారు. కోటేశ్వరమ్మ నీలం పట్టంచు నేత చీర కట్టింది, రిటైరైన రోజు కట్టుకున్న చీర. దాని మీద స్వెటర్, కింద గంబూట్లు. తిన్నగా వెళ్లి పద్నాలుగో మడి చెక్కగట్టు మీద కూర్చుంది. కారు నడిపి తెచ్చిన పాపానికి రాఘవ్ గేటు దగ్గరే నిలబడిపోయాడు.

బాలసుబ్రహ్మణ్యం పరుగులాంటి నడకతో వచ్చాడు. "ఏంది ఆంటీ ఇది?"

"చదవవే," అంది కోటేశ్వరమ్మ.

అక్షయ చదివింది, ఇంగ్లీషులో, గట్టిగా. ఈ మడిలో ఎనిమిదేళ్లుగా ఉన్న కోటేశ్వరమ్మను అన్యాయంగా, తీర్పు లేకుండా తోసేశారని ఫిర్యాదు. పొరుగువారు పన్నెండుమంది వచ్చి మడిని చూసి, ఎరిగిన నిజం చెప్పవలసింది. నవ్వుతారనుకుంది అక్షయ. ఒక్కరూ నవ్వలేదు. పదిహేనో మడి టోంగా పెద్దావిడ సేలా పార పక్కన పెట్టి మొదట వచ్చింది. ఆవిడ వెనక చైనా దంపతులు, ఫిజీ నుంచి వచ్చిన గుజరాతీ మాస్టారు, ఇంకా ఒకరి వెనక ఒకరు. పదకొండుమంది తేలారు.

"ఒకరు తక్కువ," అని బాలసుబ్రహ్మణ్యం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"నేనున్నా," అని టమాటా మొక్కల వెనక నుంచి ఆయన భార్య కుసుమే లేచి వచ్చింది.

"ఏయ్, నువ్వెందుకు?"

"ఎరిగిన నిజం చెప్పాలన్నారు కదా. నాకూ తెలుసు," అని ఆవిడ వచ్చి వరసలో నిలబడింది.

బాలసుబ్రహ్మణ్యం ముఖం ఎర్రబడింది. "సరే ఆంటీ. మీరు రూల్స్ మాట్లాడితే నేనూ మాట్లాడతా. తీర్పు లేకుండా నేనేం చేయలేదు. నోటీసు పంపితి. మీరే వదులుకుంటిరి. ఇదో మీ జవాబు." ఫోన్ అక్షయ చేతిలో పెట్టాడు.

అక్షయ చదవడం మొదలుపెట్టి ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది. "డియర్ బాలా గారూ. వయసు వల్ల నేనిక తోటకు రాలేను. నా ప్లాట్ ఎవరికైనా ఇచ్చేయండి. థాంక్స్. కోటేశ్వరమ్మ."

ఆ ఈమెయిల్ ఎవరి చేతిలో ఉంటుందో తెలిసిన అక్షయ వాళ్ల నాన్న వైపు చూసింది. వెంటే అందరి చూపులూ గేటు దగ్గరున్న రాఘవ్ వైపు తిరిగాయి. వాడు తల వంచుకున్నాడు.

కంచే చేను మేసింది.

అడ్డాలనాడు బిడ్డలు గాని గడ్డాలనాడు కాదని ఊరికే అన్నారా! కొడుకు చేసినదానికంటే ఎక్కువ కోటేశ్వరమ్మను బాధపెట్టింది ఇంకొకటి. తెనాలిలో ఆవిడ బల్ల ముందుకు బంట్రోతులు తిరిగొచ్చి చెప్పిన మాటలు వరసగా గుర్తొచ్చాయి. "ఆవిడ ఇంట్లో లేదండీ, కొడుక్కిచ్చామండీ." ఇంట్లో వయసొచ్చినవాళ్లు ఎవరికిచ్చినా చాలునని రూలు. ఎప్పుడూ మగవాళ్లకే ఇచ్చేవారు. "అందింది" అని రాసి, ముద్ర వేసి, ఫైలు మూసింది తన చెయ్యే. ఆ ఆడవాళ్లు ఎప్పుడు తెలుసుకున్నారో, తెలుసుకుని ఏ గట్టు మీద కూర్చున్నారో ఒక్కనాడూ అడగలేదు.

"అమ్మా, నీ మంచికేనమ్మా," అంటూ రాఘవ్ దగ్గరికొచ్చాడు. "చెయ్యి విరిగితే ఎవరు చూస్తారు? అడిగితే నువ్వు ఒప్పుకోవని..."

"ఒప్పుకోనని తెలిసే అడగలేదన్నమాట," అంది కోటేశ్వరమ్మ. లేచి నిలబడింది. గొంతు కోర్టు గుమస్తాలు అదిరిపడే ఆ పాత గొంతు. "బాలసుబ్రహ్మణ్యం గారూ, మీ నోటీసు సరిగ్గానే అందింది. నా కొడుక్కి అందితే నాకందినట్టే. ఆ లెక్కన ముప్పై రెండేళ్లు నేనే పని చేశాను, ఇప్పుడు కాదంటే నాకే సిగ్గు. కానీ వినండి. నోటీసు అందుకోవడానికి కొడుకు చాలు. నాది వదులుకోవడానికి కొడుకు చాలడు. ఆ సంతకం నాది కాదు. నేను ఎందుకు రాలేదో ఎవరన్నా అడిగారా? అడగకుండా పీకితే దాన్ని ఏమంటారో వీళ్లని చెప్పమనండి. ఏమండీ, ఎనిమిదేళ్లు ఈ మడిలో ఉన్నదెవరు?"

అక్షయ అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పింది. మొదట లేచిన చెయ్యి కుసుమది. తర్వాత సేలా. తర్వాత ఎవరిది ముందో చెప్పలేం, పన్నెండు చేతులూ పైనే ఉన్నాయి.

"ఆమెదే," అంది సేలా. "ఎండాకాలం నా మడికి నీళ్లు పోసింది కూడా ఆమే."

బాలసుబ్రహ్మణ్యం భార్య చేతిని చూశాడు, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "సరే ఆంటీ. ఈ చలికాలమంతా దారి ఊడ్చేది మీరే."

"ఊడుస్తాను. మిస్సైన రెండూ నేను బాకీ."

జనంలోంచి పాతికేళ్ల పిల్ల ముందుకొచ్చింది. ఆ పిల్లే స్పందన. చదువుకోడానికొచ్చి, ఇప్పుడు వృద్ధుల హోమ్‌లో పనిచేస్తోంది. కళ్లలో నీళ్లు. "ఖాళీ అని చెప్పి ఇచ్చారు ఆంటీ. పాదు పీకింది నేనే. సారీ. నా మొక్కలు తీసేస్తాను."

"ముట్టుకున్నావంటే ఊరుకోను," అంది కోటేశ్వరమ్మ. "కోతకొచ్చేదాకా ఉండనీ. ఎవరి మొక్కా నేను పీకను. చిక్కుడు పెట్టడం నేర్పుతాను, వసంతం వస్తే పందిరి నువ్వు కట్టు."

అప్పుడు కొడుకు వైపు తిరిగింది. "రా. స్వాధీనం ఇవ్వాలి. పోగొట్టినవాడే ఇవ్వాలి."

"అమ్మా, అందరూ చూస్తున్నారు."

"చూడాలనే."

రాఘవ్ వంగాడు. ఆఫీసు బూట్లతో తడిమట్టిలో మోకాలు ఆనించి, గడ్డిపరకతో సహా ఒక మట్టిపెళ్ల తీసి తల్లి దోసిట్లో పెట్టాడు. "తప్పయిందమ్మా," అన్నాడు, తెలుగులో, అందరికీ వినపడేలా. కోటేశ్వరమ్మకు ఆ క్షణంలో వాడి తల నిమరాలనిపించింది. చేతి నిండా మట్టి ఉంది, నిమరలేదు.

పెళ్లను మడిలో తిరిగి పెట్టి, అదిమి, స్వెటర్‌కు చేతులు తుడుచుకుంది. తర్వాత కుడిచెయ్యి చాచింది.

"ఇంకా ఏంటమ్మా?"

"ఫోన్. నా ఈమెయిలు అందులో ఉందిగా. దాని పాస్‌వర్డ్ మారుద్దాం."

రాఘవ్ ఫోన్ తెరిచి ఇచ్చాడు. అక్షయ నానమ్మ పక్కన గట్టు మీద కూర్చుని ఎక్కడ నొక్కాలో చూపించింది. కోటేశ్వరమ్మ చూపుడువేలితో ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ మొదలుపెట్టి, నాలుగో అక్షరం దగ్గర తలెత్తింది. కొడుకు ఇంకా అక్కడే నిలబడి తెరలోకి చూస్తున్నాడు.

"అటు తిరుగు," అంది.